అయిదేళ్ల తర్వాతి ఒకటో తరగతి

ఏటా మార్చి నెలాఖరున
కాలవ గట్టెంట సైకిలు తొక్కుకుంటూ
సబ్‌సెంటరుకి వెళ్తాను.
ఏఎన్నెమ్ దైవకృప గారు
గర్భిణుల రిజిస్టరు నా ముందుకి జరుపుతారు.
ఇంకా పుట్టని నా ఒకటో తరగతి
అందులో ఉంటుంది.

ఈ లంకకి నేనొచ్చిన కొత్తలో
ఆ పుస్తకం ఏడాదికి రెండయ్యేది.
ఈసారి వేలు పెట్టి చదివాను:
మూడు పేర్లు.

ఒకమ్మాయి పురిటికొచ్చింది,
మూడో నెల దాటగానే బిడ్డతో మండపేట వెళ్లిపోతుంది.
రెండో బిడ్డకి కాన్వెంటు బస్సు ఖాయమైపోయింది,
స్కానింగు కాగితం జేబులో మడిచి పెట్టుకుని
తాతగారే చెప్పారు నాకు, కాస్త మొహమాటంగా.
మిగిలింది ఒకరు.
ఆడో మగో తెలీదు గాని
చాక్‌పీసు మాత్రం ఇప్పుడే తీసి పెట్టుకోవచ్చు.

"ఆ పక్కది కూడా చూడండి మేష్టారూ" అన్నారు దైవకృప గారు.
బీపీ, షుగరు రిజిస్టరు.
అట్ట చిరిగితే పురికొసతో కుట్టారు.
ఈ ఏడాదిలో ఇది మూడోదట.

మండలాఫీసులో ప్రణాళిక మీటింగు.
గోడ మీద మ్యాపు.
"మూడు కిలోమీటర్లే కదండీ, అవతలి బళ్లో కలిపేద్దాం."
మధ్యలో ఉన్న నీలం గీత గోదారి పాయ.
ఆ గీతకి పంటు కావాలని,
పంటు నడిపే అతనికి జ్వరమొస్తే
ఊరంతా సెలవేనని
స్కేలు పెట్టి కొలిచినాయనకి తెలీదు.
తప్పు ఆయనది కాదు.
స్కేలు తడవదు.

తప్పెవరిదని అడిగితే
నేను తల దించుకుంటాను.
ఉద్యోగంలో చేరిన కొత్తలో
ఇద్దరు చాలని ఈ ఊరి గోడల మీద రాసింది నేనే.
జాజురంగుతో,
తలకట్లు గుండ్రంగా,
నా దస్తూరీ బావుంటుందని నాకే పని అప్పగించారు.
ఊరు చెప్పిన మాట విన్నది.
మాట విన్న పిల్లల్ని
ఏ మేష్టారైనా దండిస్తాడా?

పన్నెండుమందికి అన్నం
పెద్ద గుండిగలో సరిగ్గా ఉడకదండీ అంటుంది సత్యవేణి.
అడుగంటిపోతుందండీ.
చిన్న గిన్నె ఇప్పించమని
రెండుసార్లు అర్జీ పెట్టింది.
వడ్డన వేళకి
రెండో గది వరండాలో కర్రలు చప్పుడవుతాయి.
వేలిముద్ర పడని వీర్రాఘవులు,
మాత్రల డబ్బాలో మంగళవారం గడి వెతుక్కునే బుచ్చియ్యమ్మ,
వాళ్ల వెనక మరో నలుగురు.
మా బల్లల మీద కూర్చుంటే
మోకాళ్లు గెడ్డానికి తగులుతాయి.
అయినా కూర్చుంటారు.
పిల్లలు ఎక్కాలు చెబుతుంటే
ఎవరూ దగ్గరు.

కిటికీ బయట మినతి.
ఏడేళ్లుంటాయి.
రొయ్యల చెరువు మీద రేకుల షెడ్డు,
నాన్న మేత వేస్తాడు, అమ్మ రాత్రి కాపలా.
దైవకృప గారి ఏ పుస్తకంలోనూ పుట్టలేదు ఈ పిల్ల.
వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది:
ఏక్, దుయి, తిని.

"చారి" అన్నాడు వీర్రాఘవులు లోపల్నించి.
కుర్రతనంలో బరంపురం రోడ్డు పనుల్లో మట్టి మోశాడట.
ఒరియాలో ఆయనకొచ్చింది అంకెలూ బూతులే.
అంకెలు చాలన్నాను.

ఆ సాయంత్రం షెడ్ల వెంట తిరిగాను.
ఏరేటర్ల హోరులో
పేర్లు గట్టిగా అరిచి చెప్పారు.
తొమ్మిదిమంది.
పంట పట్టేదాకా ఉంటారు, ఆ తర్వాత దేవుడికెరుక.

ప్రతిపాదన అని ఉన్న గడిలో
చిన్న అక్షరాలతో రాశాను:
బడి ఇక్కడే. మొదటి గది పిల్లలకి.
రెండో గది పగటిపూట పెద్దలకి.
గిన్నె ఒకటి, మధ్యరకం.
సగం బల్లలకి కాళ్లు ఆరంగుళాలు పొడిగించాలి.
ఒరియా వాచకాలు అయిదు.

వారం తిరక్కుండా కాగితం వెనక్కొచ్చింది.
మార్జిన్లో ఎర్రసిరా:
"వృద్ధులు — ఏ తరగతి?"

వడ్రంగి గోవిందాచారిని రమ్మన్నాను.
టేపు పట్టుకుని
బుచ్చియ్యమ్మ మోకాలి ఎత్తు కొలుస్తున్నాడు.
కదలొద్దంటే ఆవిడ
కితకితలని నవ్వుతోంది.